బెంచీ మీదికి మళ్ళీ

మా ఊరి కాఫీ హోటలు సంగతి రాయబోతూ బెంగుళూరు పబ్బుల దగ్గర మొదలుపెడుతున్నాను. పాఠకులు మన్నించాలి. ఎక్కడి పబ్బు, ఎక్కడి వై.ఎన్.హొసకోట అనిపించవచ్చు. కాని ‘పబ్’ అన్నది ‘పబ్లిక్ హౌస్’కు పొట్టి పేరు. ఇంగ్లండులో పల్లెల్లోనూ ఉంటాయవి. సాయంత్రం పని దిగినవాళ్ళు అక్కడ చేరి, ఒక గ్లాసు ముందు పెట్టుకొని ఊరి సంగతులు మాట్లాడుకుంటారు. గ్లాసులో ఏముందన్నది రెండో మాట. ఆ లెక్కన మా ఊళ్ళో పబ్బు అనదగ్గది బ్రాందీ షాపు కాదు, హోటలు బెంచీ. బ్రాందీ షాపు దగ్గర సీసా చేతికి రాగానే వెళ్ళిపోతారు. హోటల్లో కూర్చుంటారు.

కోవిడ్ కాలంలో ఈ కూర్చోవడం ఎలా పోయింది, తలుపులు తెరిచాక కూడా ఎందుకు వెంటనే రాలేదు అన్నదే నేను చెప్పబోయేది. దీన్ని ఎవరో ఒకరు రాసి పెట్టకపోతే, మరో పాతికేళ్ళకు ‘మూసినారు, తెరిచినారు’ అన్న రెండు ముక్కలే మిగులుతాయి.

2020 మార్చి 13న కర్ణాటక ప్రభుత్వం సినిమా హాళ్ళు, మాల్‌లు, పబ్బులు ఒక్క వారం మూసేయమంది. దేశంలో కోవిడ్ తొలి మరణం మన కలబురగిలోనే అని అంతకు ముందురోజే తేలింది. ఒక్క వారం అన్నది ఎంత కాలమైందో అందరికీ తెలుసు. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా మూత. హోటళ్ళలో కూర్చొని తినడానికి జూన్ 8న, పబ్బుల్లో బార్లలో కూర్చొని తాగడానికి సెప్టెంబరు 1న, అదీ సగం కుర్చీలకే, అనుమతి వచ్చింది.

వీటన్నిటికంటే ముందు తెరిచింది మాత్రం మద్యం అంగడి. మే 4 పొద్దున తొమ్మిదికి. సున్నంతో గీసిన గుండ్రాల్లో మనుషులు నిలబడిన ఫోటోలు ఆనాటి పత్రికల నిండా ఉన్నాయి. రాష్ట్రంలో మొదటిరోజు అమ్మకం రూ. 45 కోట్లు, రెండో రోజు రూ. 197 కోట్లు అని లెక్క చెప్పారు. పక్కనున్న ఆంధ్రలో అదేరోజు ధరలు 25 శాతం పెంచి, మర్నాడు మరో 50 శాతం వేశారు. మా పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రే గదా! అటు ధర ఇటు ధర మధ్య అంత తేడా వస్తే సరిహద్దు పల్లెల్లో ఏమవుతుందో చెప్పనక్కర లేదు. పోలీసులు ఎన్నడూ చూడని చేన్ల గట్ల వెంట తిరగవలసి వచ్చింది. కోడలిని చూడబోవడానికి పాసు కావలసిన రోజుల్లో సీసాలు పాసు లేకుండానే నడిచాయి.

కనుక మద్యం తిరిగి రావడానికి ఒక పూట చాలింది. రానిది కూర్చోవడం.

బెంగుళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే మా వీధి కుర్రవాడొకడు ఆ రోజుల్లో కంప్యూటరు చంకన పెట్టుకొని ఊరికి వచ్చేశాడు. మిద్దె మీద గొడుగు కింద కూర్చొని రాత్రింబవళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుతుండేవాడు. సెప్టెంబరులో పబ్బులు తెరిచారని మిత్రులు పిలిచారట. ఒక శనివారం పోయి మళ్ళీ వచ్చాడు. ఎలా ఉందిరా అన్నాను. “తలుపు దగ్గర జరం చూసే తుపాకీ నుదుటికి పెడతారు సార్. చేతికి మందు పోస్తారు. పేరు, ఫోను నెంబరు రాసుకుంటారు. లోపలికి పోతానే అందరూ మాస్కు తీసేస్తారు. తీయకుండా తాగేదెట్ల?” అన్నాడు. పాట పెద్దగా పెడితే గొంతు పెంచి మాట్లాడాలి, గొంతు పెంచితే భయం. పాట లేకపోతే ఆ సగం ఖాళీ కుర్చీల మధ్య ఎవరింట్లోనో పెద్దకర్మకు వచ్చినట్టుందన్నాడు. మళ్ళీ వెళ్ళలేదు.

వాడి భయం వట్టి భయం కాదు. 2020 జనవరి 24న చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒక హోటల్లో మూడు కుటుంబాలు పక్కపక్క బల్లల దగ్గర భోజనం చేశాయి. కిటికీలు లేని గది, చల్లగాలి యంత్రం. ఆ గాలి తిరిగే దారిలో ఉన్న ఆ మూడు బల్లలవారిలోనే పదిమందికి జబ్బు తేలింది. మే మొదట్లో కొరియా రాజధాని సోల్‌లో రాత్రి క్లబ్బులు తెరవగానే ఇతెవాన్ పేటలో జబ్బు పాకి, మళ్ళీ మూసివేయవలసి వచ్చింది. జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు ప్రపంచ ఆరోగ్య సంస్థకు బహిరంగ లేఖ రాశారు: ఈ జబ్బు తుంపరతోనే కాదు, గాలిలో తేలే సూక్ష్మమైన తడితో కూడా అంటుతుంది, మూసిన గదుల సంగతి చూడండి అని. మనమేమో అప్పటికింకా కూరగాయలు ఉప్పునీళ్ళలో కడుగుతున్నాం.

ఇంగ్లండులో మార్చి 20న మూసిన పబ్బుల్ని జూలై 4న తెరిచారు. మొదటి రాత్రి లండను వీధుల్లో జనం క్రిక్కిరిసిన మాట నిజమే. కాని లోపల కూర్చోవడానికి జంకేవాళ్ళు ఇంకా చాలామంది ఉండిపోయారు. అందుకని అక్కడి ప్రభుత్వం ఆగస్టు నెలలో సోమ, మంగళ, బుధవారాలు హోటల్లో కూర్చొని తింటే బిల్లులో సగం, తలకు పది పౌండ్లు మించకుండా, తానే కడతానంది. పదహారు కోట్ల భోజనాలకు పైగా లెక్క తేలింది, ఖర్చు 84.9 కోట్ల పౌండ్లు. నవంబరులో మళ్ళీ మూత. ప్రజల్ని హోటలుకు రమ్మని సర్కారే డబ్బిచ్చి పిలిచిన ఉదంతమిది.

రమ్మన్నా రాకపోవడం మాత్రం చరిత్రకు కొత్త కాదు. మా అవ్వ ప్లేగు కథలు చెప్పేది. ప్లేగు 1896లో బొంబాయిలో పడి, 1898 ఆగస్టులో బెంగుళూరు చేరింది. ఆ తరువాత పాతికేళ్ళ పాటు చలికాలం వచ్చిందంటే మైసూరు సంస్థానంలోనూ, అవతల మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లోనూ ఎక్కడో ఒకచోట రేగుతూనే ఉండేది. పావగడ మైసూరుది, చుట్టూ ఉన్న కల్యాణదుర్గం, మడకశిర మద్రాసువి. భాషల ప్రకారం రాష్ట్రాలు ఏర్పడక ముందు నుంచే మాకు ఈ గీత ఉంది. మద్రాసు వైపు ప్లేగు ఊళ్ళ నుంచి వచ్చేవారికి ‘ప్లేగు పాస్‌పోర్టు’ ఉండేది; చేరిన ఊళ్ళో పది రోజులు అధికారికి కనబడాలి. 2020లో సరిహద్దు దాటడానికి మేము ఫోనులో పేర్లు నమోదు చేసుకొని పాసుల కోసం కాచుకున్నప్పుడు నాకిది గుర్తుకు వచ్చింది. హోటళ్ళు మూయించిన చట్టం కూడా పాతదే: ప్లేగు కోసం 1897లో చేసిన అంటువ్యాధుల చట్టం.

“ఎలుక పడిందంటే ఊరు పడినట్టే” అనేది అవ్వ. ఇంట్లో చచ్చిన ఎలుక కనబడితే చాలు, చట్టీ కుండా నెత్తిన పెట్టుకొని చేన్లలోకి పోయి గుడిసెలు వేసుకొనేవారట. వాళ్ళకు ఈగ సంగతి, దోమ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎలుక మీది గోమారి ద్వారా మనిషికి వస్తుందని పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు కరాచీలో కనిపెట్టిందే 1898లో. పెద్ద పెద్ద వైద్యులు ఆ మాట ఒప్పుకోవడానికి మరికొన్నేళ్ళు పట్టింది. మా వాళ్ళు అంతకు ముందే ఎలుకను చూసి లేచిపోయారు.

తిరిగి రావడం దగ్గరే ఉంది అసలు సంగతి. ఇళ్ళకు సున్నం కొట్టించాం, మందు చల్లించాం, రండి అని సర్కారు మనుషులు వచ్చి చెప్పినా కదిలేవారు కాదట. ఉగాది పోనీ అనేవారట. ఎండలు ముదరనీ అనేవారట. ఇది మొండితనమని ఆనాటి అధికారులు అనుకొని ఉండవచ్చు. కాని ఎండ ముదిరి గాలిలో తడి తగ్గితే గోమార్లు బతకవు, దక్కనులో ప్లేగు వేసవికి తగ్గుతుంది అని తరువాతి పరిశోధనలు తేల్చాయి. బెంగుళూరులో బసవనగుడి, మల్లేశ్వరం పేటలు అంతకు ముందే గీసినవైనా, నిండింది మాత్రం ప్లేగు భయంతోనే. పాత పేటకు తిరిగి వెళ్ళనివాళ్ళు కట్టిన ఊళ్ళవి.

ఇక్కడొక తేడా ఉంది. ప్లేగు నాటికి మా పల్లెల్లో కాఫీ హోటలు లేదు. జనం చేరేది రచ్చకట్ట మీద, గుడి ముందు, ఈతచెట్ల కింద కల్లు దగ్గర. అన్నీ ఆరుబయలే. నాలుగు గోడల మధ్య, పరాయి కులంవాడి పక్కన, ఒకే బెంచీ మీద కూర్చొని తాగడమన్నది హోటలుతో వచ్చిన అలవాటు. అదీ అందరికీ ఒక్కసారి రాలేదు. నా చిన్నతనంలో హోటలు బయట గూటిలో కొన్ని గ్లాసులు వేరుగా ఉండేవి. మాదిగ, మాల వాడల నుంచి వచ్చినవాళ్ళు తామే తీసుకొని, పై నుంచి పోయించుకొని, నేల మీద గొంతుక్కూర్చొని తాగి, తామే కడిగి పెట్టాలి. 1955లోనే అంటరానితనం నేరమని చట్టం వచ్చింది. గూటిలో గ్లాసులు ఆ తరువాత ఎన్నో ఏళ్ళు ఉన్నాయి. 

2020 జూన్‌లో మా ఊరి హోటలు తెరిచినప్పుడు స్టీలు గ్లాసులు లోపల పెట్టేసి అందరికీ కాగితం కప్పులిచ్చారు. బెంచీలు గోడకు తిప్పి పెట్టి, వాకిట్లో తాడు కట్టారు. కప్పు అందుకొని ఎడంగా నిలబడి తాగాలి. నాతోపాటు బడిలో పనిచేసి విరమించిన ఒక దళిత మిత్రుడు ఆ తాడు అవతల నిలబడి నవ్వాడు. “అందరూ వాకిట్లోకి వచ్చినారు గదా సార్, ఇప్పుడు సమానం” అన్నాడు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక నవ్వు రాలేదు. ఊపిరి తగులుతుందని నేను మూడు నెలలుగా పడుతున్న జంకు అతని తాతతండ్రుల మీద మా తాతతండ్రులు ఏ జబ్బూ లేకుండానే చూపించినది.

ఆ బెంచీకీ మా తెలుగుకూ ఉన్న సంబంధం ఇక చెప్పాలి. ఈ పత్రిక చదివే మీకు కొత్తగా చెప్పనక్కర లేదు. మీ మీ ఊళ్ళలోనూ ఇటువంటిదే ఉండి ఉంటుంది. మా ఊళ్ళో ఇంటి మాట తెలుగు, బడి మాట కన్నడం. నేను ముప్పైయేడేళ్ళు కన్నడంలో పాఠాలు చెప్పాను, దానికి నాకేమీ బాధ లేదు. కన్నడం మాకు అన్నం పెట్టిన భాష. కాని మా పిల్లలకు తెలుగు నోటిలో ఉంది, కంట్లో లేదు. అక్షరం రాదు. హోటలుకు రోజూ అనంతపురం నుంచి వచ్చే తెలుగు దినపత్రిక ఒకటి వేయించేవారు. దాన్ని చదవగలిగినవాళ్ళు నలుగురైదుగురమే, వినేవాళ్ళు ఇరవైమంది. చదివే పని ఒక మగ్గం పెద్దాయనది. నేను మామా అని పిలిచేవాణ్ణి. మా ఊరు పట్టుచీరలకు పేరున్న ఊరు. పొద్దున మగ్గం గుంటలోకి దిగేముందు ఆయన గంటసేపు హోటల్లో కూర్చొని, శీర్షికలు గట్టిగా, చావువార్తలు మెల్లగా చదివేవాడు. మాట కష్టమైతే నావైపు చూసేవాడు. నేను అర్థం చెప్పేవాణ్ణి. ఊళ్ళో తెలుగు అక్షరానికి ఉన్న బడి అదొక్కటే.

మార్చిలో బస్సులు ఆగినప్పుడు పత్రిక ఆగింది. కాగితం మీద జబ్బు వస్తుందన్న పుకారు ఒకటి. జూన్‌లో హోటలు తెరిచాక పత్రికా మొదలైంది. మామ మొదటిరోజే వచ్చాడు. మగ్గాలు అప్పటికి ఆగి ఉన్నాయి. పెళ్ళిళ్ళు లేవు, చీరలు కొనేవాళ్ళు లేరు. మే నెలలో ప్రకటించిన నేకార సమ్మాన్ రెండు వేల రూపాయలు ఒక చీర పట్టు ఖర్చుకు కూడా చాలవు. ఇంట్లో ఆగిన మగ్గాన్ని చూస్తూ కూర్చోలేక వస్తున్నానని ఆయనే అన్నాడట. అన్నాడట అని ఎందుకంటున్నానంటే, నేను అక్కడ లేను. ఆ తాడు అవతల ఒక్క పూట నిలబడి వచ్చిన తరువాత నేను మళ్ళీ పోలేదు.

నాకు కారణాలున్నాయి. ఇంట్లో ఆమెకు ఉబ్బసం. నాకు చక్కెర. పింఛను నెల నెలా వస్తుంది, కాఫీ ఇంట్లోనే తాగవచ్చు. ఆగస్టులో హోటలాయనే మా వాకిట్లోకి వచ్చి, దూరంగా నిలబడి అడిగాడు. “సార్, మీరొచ్చి కూచుంటే ఇంకా నలుగురు వస్తారు. సారే రాలేదు గదా అంటాండారు.” వస్తానన్నాను. పోలేదు. ఖాతాలో నేను బాకీ ఉన్న రెండువందల నలభై రూపాయలు మాత్రం పిల్లవాడి చేత పంపించాను. మంచి పని చేశాననుకున్నాను. ఆయన దాన్ని ఖాతా మూసేసినట్టు అర్థం చేసుకున్నాడు. మా హోటళ్ళలో బాకీ పూర్తిగా తీర్చేవాడు ఊరు విడిచి పోయేవాడే; ఎంతో కొంత ఉంచుకోవడమే మర్యాద. ఇంత వయసు వచ్చీ నాకది తట్టలేదు.

అవ్వ కాలంలో ఎవరైనా ఊరికి తిరిగి రాకపోతే చేను ఉన్నంత కాలం వాళ్ళకు చెల్లింది. మా కాలంలో తిరిగి రాకుండా ఉండగలిగింది పింఛనున్నవాడు, కంప్యూటరున్నవాడు. కప్పు అందించేవాడు, పాలు పోసేవాడు, మగ్గం ఆగినవాడు మొదటిరోజే వచ్చారు. పత్రికల్లో ‘జనం జంకుతున్నారు’ అని రాసినప్పుడల్లా ఏ జనం అని అడగవలసిందని ఇప్పుడనిపిస్తుంది. బెంగుళూరు పబ్బుల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయన్నది వార్త అయింది. ఆ సగం కుర్చీల దగ్గర పళ్ళేలు మోసే కుర్రవాళ్ళలో మా తాలూకావాళ్ళూ ఉన్నారు. కుర్చీతోపాటు వాళ్ళ జీతమూ సగమైంది.

2021 ఏప్రిల్ 27 నుంచి కర్ణాటక రెండోసారి మూతపడింది. ఈసారి ఊళ్ళో చావులు చూశాం. మొదటి ఏడు టీవీలో చూసినది ఈ ఏడు వీధిలోకి వచ్చింది. మే మూడో వారంలో మామ పోయాడు. ఎక్కడ అంటిందో ఎవరు చెప్పగలరు? ఆస్పత్రిలోనే కావచ్చు, సంతలో కావచ్చు, ఇంట్లో మనవడి నుంచి కావచ్చు. హోటలు అప్పటికి మూసే ఉంది. అయినా ఊళ్ళో ఆ మాట అననివాళ్ళు లేరు: రోజూ బెంచీ దగ్గరికి పోయేవాడు గదా అని. నేను ఆ మాట పైకి అనలేదు. పోకపోవడమే మంచిదైంది అని లోపల ఒక క్షణం అనుకున్నాను. రాసి పెడుతున్నాను కనుక అదీ రాయాలి.

జూన్ 21న హోటళ్ళలో మళ్ళీ సగం కుర్చీలకు అనుమతి. జూలై 5న బార్లు తెరిచినా పబ్బుల్ని మాత్రం అక్టోబరు దాకా ఆపారు. నాకు రెండో టీకా జూలైలో పడింది. అయినా కదలలేదు. ఉగాది పోనీ, ఎండలు ముదరనీ అన్న మాట నా నోటిలోకి ఎలా వచ్చిందో నాకే తెలియదు. 2022 మార్చి 31తో కేంద్రం ఆంక్షలన్నీ ఎత్తేసింది. ఏప్రిల్ 2న ఉగాది. ఆ మర్నాడు పొద్దున వెళ్ళాను.

తాడు లేదు. బెంచీలు రెండు ఉండేవి, ఒకటే ఉంది. రెండోది అమ్మేశారో, పొయ్యిలో పెట్టారో అడగలేదు. హోటలాయన నన్ను చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయి స్టీలు గ్లాసు కడిగి దాంట్లో కాఫీ తెచ్చి పెట్టాడు. మిగతావాళ్ళు ఇంకా కాగితం కప్పుల్లోనే తాగుతున్నారు. కడిగే మనిషి ఖర్చు లేదని ఆ పద్ధతి అలాగే నిలిచిపోయింది. బెంచీ మీద ఉన్న కుర్రవాళ్ళు ముగ్గురూ జరిగి చోటిచ్చారు. ముగ్గురి చేతుల్లోనూ ఫోన్లు. తెలుగు మాటలే వినబడుతున్నాయి, ఎవరో ఆంధ్ర రాజకీయం మీద అరుస్తున్నాడు. వాళ్ళు వింటున్నారు.

పత్రిక ఏదని అడిగాను. మామ పోయినంక ఆపేసినానన్నాడు. చందా నేను కడతాను, మళ్ళీ వేయించమన్నాను.

“కడితే వస్తాది సార్. చదివేది మీరేనా?” అన్నాడు.

రేపటి నుంచి వస్తానన్నాను. పోయినసారి కూడా ఇదే మాట అన్నానని ఇద్దరికీ గుర్తే. కాఫీకి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఖాతాలో రాసుకున్నాడు.